చక్రాలు తట్టే ఆయన, నా పెన్సిలూ

నాన్న వాల్వు యాంప్లిఫయర్ మూడు నెలలు నా ప్రాణం తీసింది. ఏ పాట పెట్టినా మధ్యలో గరగరలాడి ఆగిపోయేది. గోల్ బజార్‌లో దొరికిన కండెన్సర్లన్నీ తెచ్చి ఇంట్లోనే మార్చాను. వాల్వులూ మార్చాను. రోగం కుదరలేదు. చివరికి పై ఊళ్లో బాగుచేయిద్దామని దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను.

"ఏటి బాబూ, దాన్నలా గుర్రుగా సూస్తన్నావు?" అన్నాడు పక్కనున్న పెద్దాయన. బండి చక్రాలను సుత్తితో తట్టి, మోత విని పగుళ్లు పట్టే డ్యూటీ ఆయనది. సుత్తి కాళ్ల దగ్గరే ఉంది.

నా గోడంతా విని అడుగు మూత తీయించాడు. నా జేబులోని పెన్సిల్ తీసుకుని, చెవి వంచి ఒక్కొక్క అతుకునే తట్టుకుంటూ పోయాడు. ఒకచోట తీగ కదిలింది.

"అచ్ఛా. ఇదెవులు అతికినారు?"

అది నేను మొట్టమొదట చేసిన సోల్డరింగు. అదొక్కటి తప్ప అన్నీ మార్చాను.

"ఎవడో మెకానిక్కు, బాబాయ్."

ఆయన నా వేళ్ల మీది కాలిన మచ్చలు చూసి, పెన్సిల్ తిరిగిచ్చాడు. "తీగ వేడెక్కకుండా సీసం పోస్తే పట్టదని ఆడికి సెప్పు."

చెబుతానన్నాను. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నప్పుడల్లా ఆ వెధవకి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.