నానమ్మ చెప్పిన బర్రె రోగం

నా చిన్నప్పుడు ఏన్కూరు దగ్గర మా ఊళ్లో ఎవరికి ఒక కాలు వాచినా బోదకాలు అనేసేవారు. మా తాతయ్య ఎడమ పిక్క ఉబ్బి వేడెక్కినప్పుడూ అదే మాట అన్నారు. నువ్వుల నూనె కాచి గట్టిగా రుద్దమని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. నానమ్మ రుద్దింది. రుద్దేకొద్దీ నొప్పి ఎక్కువై తాతయ్య మంచం పట్టాడు.

నిజానికి ఆయనకు అంతకుముందు నుంచే ఇంకో బాధ ఉంది. చెంబు పట్టుకుని చేలవైపు పోతే ఎంతకీ వచ్చేవాడు కాదు, వచ్చాక ముఖం పాలిపోయి ఉండేది. నెత్తురు పడుతోందని నానమ్మ కనిపెట్టింది. అడిగితే విసుక్కునేవాడు. పశువుల డాక్టరు ముందు పేడ రంగు, వాసన గంటసేపు వర్ణించే మనిషికి తన సంగతి వచ్చేసరికి నోరు పెగలదు.

చివరికి నానమ్మ ఆయన్ను బస్సెక్కించి ఖమ్మం తీసుకెళ్లింది. బోర్డులు చదవడానికి నన్నూ వెంటబెట్టుకుంది. దవాఖానాలో చిన్న వయసు డాక్టరమ్మ కాలు చూసి, ఇంకేమైనా బాధలున్నాయా అని అడిగింది. తాతయ్య ఏమీ లేవన్నాడు. నానమ్మ చెప్పబోతే కళ్లెర్రజేశాడు. మా గుండెల్లో రాయి పడింది, ఇంత దూరం వచ్చీ ఉత్త చేతులతో పోవాల్సిందేనా అని.

నానమ్మ ఆయన్ను వదిలేసి, ఊసుపోక చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

“మా బర్రెకు నెల సంది పెండల నెత్తురు పడ్తందమ్మా.”

మా బర్రెకు ఏ రోగమూ లేదు. తాతయ్య నానమ్మ వంక కాసేపు చూశాడు. తర్వాత తల దించుకుని అన్నాడు.

“నెలేంది. పోయిన వానల సంది పడ్తంది. జిగట గూడ పడ్తది.”

డాక్టరమ్మ నవ్వలేదు. బర్రె మేత తింటోందా, చిక్కిపోయిందా అని ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగింది. తాతయ్య అన్నిటికీ జవాబిచ్చాడు. అప్పుడు ఆమె మెల్లగా, “ఆ బర్రెకు కాలు కూడా వాచిందా, పెద్దాయనా?” అంది.

“అవ్ బిడ్డా. ఎడమ కాలు.”

పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ చెప్పింది, అది బోదకాలు కాదట. నెత్తురూ జిగటా పడేది పెద్దపేగులో పుండ్లు పడే పేగుపూత వల్లనట, ఆ జబ్బుంటే రక్తం తేలిగ్గా గడ్డకడుతుందట, కాలి రక్తనాళంలో అలాగే గడ్డ కట్టిందట. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందనీ, ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి మెదడులో గడ్డకట్టి పక్షవాతం కూడా వస్తుందనీ చెప్పింది. ఇక రుద్దనే రుద్దొద్దంది. కింద నెత్తురు పోతుంటే కాల్లో గడ్డ కట్టుడేందని నానమ్మ అడిగింది. రెండూ ఒక్క జబ్బు పనేనని డాక్టరమ్మ చెబితే, నూనె రుద్దిన తన చేతులు చూసుకుని ఏడ్చేసింది. తాతయ్యే ఆమె భుజం తట్టాడు.

దవాఖానాలో ఉంచుకుని గడ్డకు, పేగుకు విడివిడిగా మందులిచ్చారు. తాతయ్య తన కాళ్లమీద నడిచి బస్సెక్కాడు. ఆయన్ను ఎలా మాట్లాడించిందో నానమ్మ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, ఆయన పరువు అంత పదిలంగా దాచింది.

ఇప్పుడు నాకూ పేగుపూతే. మొన్న పిక్క కాస్త సలిపితే మా అబ్బాయి నన్ను దవాఖానాకు తీసుకెళ్లాడు. వాడు పక్కనే కూర్చుని ఉండగా, డాక్టరు అడక్కముందే కడుపు సంగతంతా చెప్పాను. చెప్పేటప్పుడు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెప్తాను.