గడప దగ్గరే కట్టిన గజ్జెలు

“సాయంత్రమైతే మా ఊళ్ళో కాలక్షేపం ఏముంటుందే, వీధి కిటికీ మూసుకుని నాలుగు పాటలు పాడుకోవడం తప్ప?” మార్కాపురం నుంచి గిద్దలూరు వచ్చే బస్సులో, ఫోన్‌లో మా చెల్లెలితో అంటున్నాను.

నేనింకా ఆ మాటే అంటుండగా, దారిలో ఒక పల్లె దగ్గర ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. నడుముకు కోలాటం కర్రలు దోపుకుంది, కాళ్ళకు గజ్జెలు కట్టుకుంది. అడుగు వేసినప్పుడల్లా బస్సంతా తిరిగి చూసింది.

“కోలాటం కంభంలో కదవ్వా, ఆడికి పోయినాక కట్టుకోగూడదా?” అన్నాడు కండక్టర్ టికెట్ కొడుతూ.

“ఆడ కట్టుకుంటే మా వీధిలోవాళ్ళకు ఎట్ల ఇనపడతాది నాయనా? మొగుడు పోయినదానికి ఈ ఎగిరేదేందని నా కొడుకును ఎగదోసినారు. వాడు కర్రలు అటక మీద దాచిపెట్టినాడు. నిచ్చెనేసుకోని తీసుకున్నా. గడప కాడ్నే గజ్జెలు కట్టుకోని, ప్రతి ఇంటి ముందరా ఆగి మరీ వచ్చినా.”

కంభంలో దిగబోతూ నా వైపు తిరిగింది. “ఆ కిటికీ దేనికి మూస్తావమ్మా?”

ఆమె ఒక్కో మెట్టు మీదా కాలు గట్టిగా వేసి దిగిపోయింది.

ఆ సాయంత్రం నా పాట విని ఎదురింటాయన బయటికొచ్చాడు. మా కిటికీ వైపు గుర్రుగా చూస్తూ నిలబడ్డాడు.

నేను రెండో చరణం ఎత్తుకున్నాను.