గుసగుసలయ్య పలకరింపులు

గుసగుసలయ్యకి మనుషులతో మాట్లాడే అలవాటు లేదు. ఆయన కబుర్లన్నీ వాళ్ల గుండెలతోనే.

ఆయన గుండె స్కాను తీసే టెక్నీషియను. మసక చీకటి గదిలో, మంచం మీది మనిషిని ఎడమపక్కకి ఒత్తిగిల్లమని చేత్తోనే సైగ చేసి, చల్లటి జెల్ రాసి, పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆనించేవాడు. తెర మీద బూడిదరంగు మబ్బుల్లోంచి గుండె మెల్లగా తేలి వచ్చేది. కవాటాలు గాలికి పరదాల్లా ఊగేవి. ఆయన కళ్లు అరమోడ్పులయ్యేవి.

"ఏమ్మా, కులాసానా?"

"ఏం కులాసా బాబూ, మోకాళ్లు ఒకటే సలుపు..." అని ముసలమ్మ అందుకునేది.

"మిమ్మల్ని కాదండీ."

ఆ గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న నర్సమ్మకి ఇది విని విని నవ్వు కూడా రావడం మానేసింది. ఒకసారి పోలీసాయన గుండెని, "ఎందుకురా ఆ పరుగు? దొంగెవడూ లేడిక్కడ!" అని గదమాయించాడు. పోలీసాయన చొక్కా చేతబట్టుకుని తిన్నగా ఆసుపత్రి పెద్ద దగ్గరికే వెళ్లాడు.

ఆ పెద్దాయన ఎముకల డాక్టరు. మర్నాడు తానే వచ్చి మూలన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఆ పూట స్కానుకి వచ్చింది ఓ దర్జీ ఆవిడ. జ్వరం తగిలి గుండె కండరం నీరసిస్తే మూడు నెలలుగా మందులు మింగుతోంది. రిపోర్టు చూసి చెప్పాల్సిన గుండె డాక్టరు సోమవారం గానీ రాడు.

"అప్పటిదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉండాలా అమ్మా?" అంటూ ఆవిడ నర్సమ్మ చెయ్యి వదల్లేదు.

గుసగుసలయ్య తెరకేసి వంగాడు.

"ఒసేయ్, పోయినసారి నిండిన రక్తంలో నూటికి ముప్ఫై అయిదు వంతులే నెట్టావు. ఇప్పుడు యాభై ఎనిమిదా! ఈ బలమంతా ఎక్కడ దాచావే?"

దర్జీ ఆవిడ వేళ్లు సడలాయి. కళ్లు మూసుకుని, తేలిపోతున్నట్టు నవ్వింది.

ఆవిడ వెళ్లాక పెద్దాయన లేచాడు. "ఫలితం డాక్టరే చెప్పాలి. నువ్వు రోగికి చెప్పకూడదని తెలీదూ?"

"రోగితో నేను ఒక్క ముక్క మాట్లాడలేదండీ. నర్సమ్మనడగండి."

బాగాలేని గుండెలకి ఆయన చెప్పే మాటలు నర్సమ్మకి గుర్తొచ్చాయి. "అలసిపోయావు, అంతే. డాక్టరుగారు వచ్చి మందు మారుస్తారు, బెంగపడకు." పదకొండేళ్లూ తను దాన్ని పిచ్చి అనుకుంది!

"నిజమేనండీ," అంది. "ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు."

పెద్దాయన గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి తలుపు వేశాడు. కోటు విప్పి నర్సమ్మ చేతికిచ్చి, మంచమెక్కి ఎడమపక్కకి ఒత్తిగిల్లాడు.

"ఊ, అడుగు," అన్నాడు, "మెట్లెక్కితే ఎందుకు ఆయాసపడుతోందో."