సున్నాకూ గీతకూ తేడా చెప్పిన రూతు సిస్టర్

నిన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ "తిన్నవా" అని మొదలుపెట్టే మనిషి, నిన్న ఆ మాట అడగలేదు.

"రూతు సిస్టర్ లేదే బిడ్డా."

హైదరాబాద్‌లో హాస్టల్ మెట్ల మీద ఉన్నాను. "ఏ రూతు సిస్టర్?" అన్నాను. మాకు ఉన్నది ఒక్కతే రూతు సిస్టర్ అని తెలిసి కూడా.

షుగర్ పెరిగి రెండు వారాలుగా దవాఖానలో ఉందని తెలుసు. మొన్న ఫోన్ చేస్తే, "నాకేం గాదు, నీ పెండ్లి జూడకుండ నేను యాడికి పోత" అని నవ్వింది.

అందుకే నమ్మలేదు. దొరికిన బస్సు ఎక్కి, సాయంత్రం మట్టి చేసే వేళకు గోదావరిఖని చేరాను.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. ఆమె ప్రభుత్వ ఏఎన్ఎం. తెల్ల చీర, భుజాన టీకాల డబ్బా, చంకలో అట్ట ఊడిన రిజిస్టర్. మా కాలనీలో నా ఈడు పిల్లలందరికీ మొదటి సూది ఆమెదే.

నేను రాయాలనుకున్నది ఆ రిజిస్టర్ గురించి.

పోయినేడాది ఎండాకాలం, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో నా ప్రాజెక్టు, మా ఏరియాలో కామెర్లు. డేటా కోసం వెబ్‌సైట్లన్నీ వెతికాను, ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి ఒకచోట నీట్‌గా టైప్ చేసిన టేబుల్ దొరికింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు! ఎగురుకుంటూ వచ్చి సిస్టర్‌కి చూపించాను.

ఆమె వేలు ఒక వరుస దగ్గర ఆగింది. మా బొగ్గు కంపెనీ క్వార్టర్ల వెనక, ఓపెన్‌కాస్టు గనిలో పనిచేసే కాంట్రాక్టు లేబర్ గుడిసెలు. కేసులు: సున్నా.

"గీ సున్నా ఎవలు పెట్టిన్రే?"

"ఆడ ఎవలికీ లేదంట సిస్టర్."

"లేదా, అడగలేదా?"

తన రిజిస్టర్ తీసింది. అదే గడిలో చిన్న గీత.

"గీత అంటే నేను పోలేదని. సున్నా అంటే పోయిన, ఇంటింటికి అడిగిన, ఎవ్వలకు లేదని. గా గుడిసెలు ఎవ్వల డ్యూటీ లిస్టుల లేవు. నేను గీత పంపిన. పైన ఎవలో సున్నా జేసిన్రు."

"కంపెనీ దవాఖాన లెక్క ఉంది కదా?"

"గది పర్మినెంటోళ్లది. వీళ్లు ఆర్ఎంపీ దగ్గరికి పోతరు. ఆయన యాడ రాస్తడే లెక్కల పిల్లా?"

ఆ టేబుల్‌తో నా ప్రాజెక్టు హాయిగా అయిపోయేది. కానీ గుడిసెల్లో నిజంగా జబ్బుంటే? ఆ సున్నా ఉన్నన్నాళ్లూ అక్కడికి ఎవరూ రారు.

మర్నాడే ఫైలు పట్టుకుని ఒక్కదాన్నే పోయాను. మధ్యాహ్నానికి అన్ని ఇళ్లూ అయిపోయాయి. "మొగోళ్లు మంచిగనే ఉన్నరు" అని ఆడవాళ్లే చెప్పారు. రాసుకొచ్చాను.

సిస్టర్ పడీ పడీ నవ్వింది. "ఏ షిఫ్టు జూసుకొని పోయినవ్?"

సిగ్గుతో చచ్చాను. షిఫ్టు సైరన్ విని నిద్రలేస్తూ పెరిగిన దాన్ని, ఆ సంగతే మర్చిపోయాను. నేను పోయిన వేళకు కొందరు డ్యూటీలో, నైట్ షిఫ్టు వాళ్లు నిద్రలో. షిఫ్టు వారం వారం మారుతుంది. అందరినీ కళ్లతో చూడాలంటే మూడు వారాలు తిరగాలి.

తిరిగాం. ఆమె డ్యూటీ అయ్యాక, ఇద్దరం.

ఒక గుడిసె ముందు ఒకామె అడ్డం నిలబడింది. "మా ఆయినకేం లేదు సిస్టరమ్మా. నైట్ షిఫ్టు జేసొచ్చి పన్నడు. లేపితే తిడ్తడు."

"నన్ను తిట్టమను. లేపు, కండ్లు జూడాలె."

లేచాడు. కళ్లు పసుపు రాసినట్టున్నాయి.

"నైట్ షిఫ్టు జేస్తె కండ్లు ఎర్రగైతయ్ గని, గిట్ల పచ్చగైతయా తమ్మీ?"

అతను కూడా నవ్వాడు. సిస్టర్ మాత్రం అతన్ని దవాఖానకు ఆటో ఎక్కించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

అలాంటి కళ్లు ఇంకా కనిపించాయి. ఆ ఇళ్లన్నిటికీ ఒకటే నల్లా. దాని పైపు మురుగు మోరీలోంచి వస్తోంది.

రిపోర్టులో నేను కేసులు మాత్రమే రాశాను. సిస్టర్ నా పెన్ను లాక్కుని, తాళం వేసి ఉన్న ఇళ్లు కూడా రాసింది. "మనకు తెల్వనిది గూడ రాస్తెనే, తెలిసింది నమ్ముతరు."

రిపోర్టు తీసుకెళ్లి ఇస్తే, హెల్త్ ఆఫీసర్ కాగితాలు తిప్పి, "దీనికి సోర్స్ ఏంటమ్మా?" అన్నాడు.

"నేనే సార్," అంది సిస్టర్. "పేర్లున్నయ్, తాళాలున్నయ్. అనుమానముంటె ఫస్టు షిఫ్టు దిగినంక మీరే పోయి కండ్లు జూడున్రి."

పోయాడు. చూశాడు. వానలు మొదలయ్యేలోపు పైపు మార్చారు.

ఆ పచ్చకళ్ల తమ్ముడు నిన్న శవపెట్టె మోసిన వాళ్లలో ఉన్నాడు. ఎవరు భుజం మార్చుకుంటానన్నా ఇవ్వలేదు.

మట్టి చేసి వచ్చాక సిస్టర్ కూతురు రిజిస్టర్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. గుడిసెలకు అందులో ఇప్పుడు సొంత పేజీ ఉంది. చివరి రెండు వారాల గడుల్లో గీతలు. వంకర గీతలు. దవాఖాన మంచం మీద పడుకుని తనే గీసుకుంది.

నేను పోలేదు అని. ఆఖరికి కూడా ఒక్క సున్నా పెట్టలేదు.

అప్పుడు ఏడ్చాను.

పక్కనే కొత్త ఏఎన్ఎం నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరి నెల కాలేదట. గీతంటే ఏంటో సిస్టర్ మొదటి రోజే చెప్పిందట. పేజీ చాలాసేపు చూసింది.

"అక్కా, గీ గీతలున్న ఇండ్లకు సోమవారం నుంచి నేను పోత. ఏ షిఫ్టు జూసుకొని పోవాలె?"

కళ్లు తుడుచుకుని, పక్కన కూర్చోబెట్టుకుని మూడు వారాల షిఫ్టులూ రాసిచ్చాను.

పోయిరా సిస్టర్. ప్రభువు దగ్గర కాళ్లు చాపుకుని నెమ్మదిగా కూర్చో. ఇండ్లు మేం తిరుగుతాం.