హెల్వి బండికి చలికాలం

కూహ్మో ఊరి బడి వంటశాలలో నాతో చాలా ఏళ్లు కలిసి పనిచేసిన హెల్వి కర్పినెన్‌కి యాభై దాటాక మోటార్‌సైకిలు పిచ్చి పట్టుకుంది. పెళ్లి చేసుకోలేదు, కుక్కను పెంచలేదు. ఉన్నదల్లా ఆ ఎర్రటి పాత జపాన్ బండి ఒక్కటే. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఆవిడకి ఒళ్లు మండేది. పెట్రోలు బంకులో కుర్రాడు అద్దం తుడవబోయినా "నీ పని నువ్వు చూసుకో" అనేది.

ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే మా వైపు అక్టోబరు చివరికల్లా సరస్సుల అంచులు గడ్డకడతాయి. ఆ తర్వాత మే నెల దాకా బండి షెడ్డులోనే. దాన్ని పడుకోబెట్టడం హెల్వికి పెద్ద క్రతువు. కడిగి, ఆరబెట్టి, ఆయిలు మార్చి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, అది పాడవకుండా మందు కలిపి, బాటరీ ఇంట్లోకి తెచ్చుకుని, ఎలుకలు దూరకుండా సైలెన్సరు మూసి, మీద దుప్పటి కప్పేది. దీనంతటికీ రెండు వారాంతాలు తీసుకునేది. ఆ రోజుల్లో ఫోను ఎత్తేది కాదు.

ఆ ఏడు ఆవిడ కుడి మోకాలు పూర్తిగా చెడిపోయింది. ఆపరేషన్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూస్తోంది. ఒక గురువారం పిల్లలకి బఠానీ సూపు వడ్డిస్తుండగా కజానీ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరో తమ ఆపరేషన్ మానుకున్నారట, మంగళవారం రమ్మన్నారు.

నేను సంతోషపడి కౌగిలించుకోబోయాను. ఆవిడ గరిటె బల్లమీద విసిరికొట్టింది.

"మంగళవారమా! నా బండి ఇంకా బయటే ఉందే! ఆదివారం మంచు పడుతుందంటున్నారు."

"బండి సంగతి ఎవరికైనా చెప్పొచ్చుగా?"

"ఎవరికి? నీకా? నీకు సూపుగిన్నె మూత పెట్టడమే సరిగ్గా రాదు."

మోకాలు వంగదు కాబట్టి కింద కూర్చుని ఆయిలు తీయడం ఆవిడ వల్ల కాదు. చివరికి ఇష్టం లేకపోయినా పక్కింటి ఓస్మోను పిలిచింది. ఓస్మో రోడ్ల మీద మంచు ఊడ్చే బండి నడిపి రిటైరైనవాడు. చేతులు పారల్లా ఉంటాయి, నోరు మాత్రం క్షణం ఊరుకోదు. ఆ శనివారం జరిగింది ఇద్దరి దగ్గరా విడివిడిగా విన్నాను. ఇద్దరూ ఎదుటివాళ్లదే తప్పన్నారు కాబట్టి, రెండూ కలిపితే నిజమే అయ్యుండాలి.

ఓస్మో వస్తూనే కాఫీ అడిగాడు. తాగాక ఇంకో కప్పు అడిగాడు. హెల్వి గడియారం చూస్తూ, కర్ర మీద ఆనుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ముందు ఇంజను వేడెక్కించు. చల్లగా ఉంటే ఆయిలు మొత్తం దిగదు."

"నాకు నేర్పిస్తున్నావా? నేను లారీలకే ఆయిలు మార్చినవాణ్ణి."

"ఇది లారీ కాదు."

"అవును, లారీ అయితే ఇంత అరిచేదానివి కాదు."

ట్యాంకు దగ్గర అసలు గొడవ మొదలైంది. చలికాలం ట్యాంకు ఖాళీగా ఉండాలని ఓస్మో అన్నాడు. ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పట్టి తుప్పెక్కుతుందని హెల్వి అంది. అతను వినకుండా ట్యూబు వెతకసాగాడు. ఆవిడ కర్ర అడ్డం పెట్టింది.

"ఓస్మో, ట్యాంకు ముట్టుకున్నావంటే ఈ కర్ర నీ వీపు మీద విరుగుతుంది."

"మరి నన్నెందుకు పిలిచావు తల్లీ? చేతులు కావాలంటే చేతులే వస్తాయా? తలకాయ కూడా వెంట వస్తుంది మరి!"

"తలకాయ ఇంట్లో పెట్టి రావాల్సింది."

నిండా పోయించింది. మందు కూడా తనే కొలిచి కలిపింది. కానీ అతను బండి కడిగిన తీరు ఆవిడకి నచ్చలేదు. నీళ్లు చక్రాల బేరింగుల్లోకి కొట్టాడట. చైను తుడిచిన తీరూ నచ్చలేదు. స్పానరు పట్టుకున్న తీరూ నచ్చలేదు. చూస్తూ నిలబడాల్సి రావడం నచ్చలేదని నాతో తర్వాత అంది. "మోకాలి నొప్పి దానికంటే నయం" అని కూడా అంది.

పాత ఆయిలు దించాక, కింద బోల్టు తిరిగి బిగించేటప్పుడు ఓస్మో పొడుగాటి స్పానరు తీసుకున్నాడు.

"అంత పెద్దది వద్దు, చేత్తో బిగించి కొంచెం లాగు చాలు" అంది హెల్వి.

"వదులుగా ఉంటే కారుతుంది."

"వద్దంటున్నానా!"

అతను ఇంకో చుట్టు తిప్పాడు. బోల్టు ఉన్నట్టుండి తేలిగ్గా తిరిగిపోయింది. కన్నం లోపలి మర పోయింది, బోల్టు ఇక పట్టదు. ఇంజను గూటిది మెత్తటి లోహం, ఇనుప బోల్టుకి ఏమాత్రం తట్టుకోదు.

ఓస్మో స్పానరు కింద పెట్టాడు. తర్వాత హెల్వి గొంతు తగ్గించి, "వెళ్లిపో" అంది.

"చూడు, నేను..."

"వెళ్లిపో ఓస్మో. నీ స్పానరు పట్టుకుని వెళ్లిపో."

అతను వెళ్లిపోయాడు. ఆవిడ అట్టముక్క పరిచి, బండి పట్టుకుని, ఒక్కో అంగుళం కిందికి జారి, వెల్లకిలా పడుకుంది. టార్చి వేసి చూస్తే మర నిజంగానే పోయింది. బోల్టు వేలితో లాగినా ఊడి వస్తోంది. శనివారం మధ్యాహ్నం ఊళ్లో మెకానిక్ దొరకడు. దొరికినా మంగళవారంలోపు కాదు. కోపంతో కళ్లనీళ్లు తిరిగాయి. లేవబోయింది. మోకాలు ఒప్పుకోలేదు. పక్కకి దొర్లి చేతుల మీద లేద్దామనుకుంటే, బండి స్టాండు భుజానికి అడ్డం. ఫోను పైన బల్ల మీద ఉంది. సిమెంటు చల్లదనం కోటులోంచి వెన్నులోకి ఎక్కుతోంది.

అరవడానికి అభిమానం అడ్డొచ్చింది. పిలిస్తే పలికేది ఓస్మో ఒక్కడే. కొంతసేపు పళ్లు బిగబట్టుకుని పడుకుంది. తలుపులోంచి సన్నటి మంచు పడటం కనిపించింది, చెప్పిన రోజుకంటే ముందే. అప్పుడు చేతికందిన తన స్పానరుతో, పాత ఆయిలు పట్టిన రేకు పళ్లాన్ని టంగు టంగుమని కొట్టడం మొదలుపెట్టింది.

ఓస్మో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమిటి, చర్చి గంట కొడుతున్నావా?"

"లేపు."

"లేపుతాలే. కిందికి దిగావుగా, ముందు మర సంగతి చెప్పు." అంటూ తనూ పక్కనే నేల మీద పడుకున్నాడు. అంతటి మనిషి ఆ ఇరుకులో దూరేసరికి బండి ఊగింది.

"ఆయిలు లేకుండా వదిలెయ్యి, వసంతంలో బాగుచేయిస్తా" అన్నాడు.

"లోపలంతా తుప్పు పట్టనిస్తావా? కొత్త ఆయిలు పోయాల్సిందే."

"అయితే కన్నానికి చెక్క బిరడా చేస్తాను. బండి కదలదు కదా, నిలుస్తుంది."

"నా బండికి చెక్క బిరడానా!"

"వేరే దారి ఉంటే చెప్పు."

వేరే దారి తోచకపోవడమే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. ఓస్మో ఆవిడని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, బర్చి చెట్టు కొమ్మ తెచ్చి, కత్తితో చెక్కి, కన్నంలో దూర్చి చూసి, మళ్లీ చెక్కాడు. హెల్వి ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టింది. చీకటి పడేలోగా బిరడా దిగింది, ఆయిలు పడింది, చుక్క కారలేదు. సైలెన్సరు మూశారు. బాటరీ ఓస్మో తన ఇంటికి తీసుకెళ్లాడు. "వంటింట్లో పెట్టకు, వెచ్చగా ఉంటుంది" అని వెనకనుంచి కేకేసింది.

థాంక్యూ మాత్రం చెప్పలేదు.

ఆసుపత్రిలో మెలకువ వచ్చిన మర్నాడు నాకు ఫోను చేసింది. మోకాలు ఎలా ఉందని అడిగాను. "మోకాలు ఉంది. నువ్వు వెళ్లి షెడ్డులో నేల తడిగా ఉందేమో చూసి రా" అంది. వెళ్లి చూశాను. పొడిగానే ఉంది. చెబితే, "సరిగ్గా చూశావా?" అని అడిగింది. కారి ఉంటే బాగుండేదన్నట్టు వినిపించింది నాకు.

చలికాలమంతా కర్రలతో షెడ్డు దాకా వెళ్లి వచ్చేది. ఓస్మో దారిలో మంచు తవ్వి పెట్టేవాడు. తవ్విన దారి వంకరగా ఉందని ఆవిడ సణిగేది. మేలో మెకానిక్ మర బాగుచేశాడు. బండి బాగానే ఉంది. మనిషి మాత్రం సీటు మీదికి కాలెత్తలేకపోయింది. అందరూ రోడ్డెక్కిన నెలలో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని మోకాలి కసరత్తులు చేసింది. జూన్ కూడా అలాగే పోయింది. "మా ఊళ్లో ఎండాకాలమే కాస్తంత. అందులో సగం నా కాలు తినేసింది" అని ఏడవలేక తిట్టుకుంది.

ఆగస్టులో బడి తెరిచిన రోజు బండి మీద వచ్చింది. దిగడానికి చాలాసేపు పట్టింది. మేమంతా కిటికీలోంచి చూస్తూ, ఒక్కరం కూడా బయటికి వెళ్లలేదు, తిడుతుందని. హెల్మెట్ చంకన పెట్టుకుని కుంటుకుంటూ వంటశాలలోకి వచ్చి, పొయ్యి మీదున్న పెద్ద గిన్నె చూసింది.

"రా, అటు పట్టుకో" అంది నాతో. "నాకొక్కదానికి బరువు."

అన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. పట్టుకున్నాను. వంకరగా పట్టుకున్నావని వెంటనే తిట్టింది.