కూర్చునే ముందు ఒక్క నిమిషం

మా బావ మనుషులందరినీ నమ్ముతాడు. కుర్చీలను మాత్రం నమ్మడు.

ఎవరింటికి వెళ్లినా "రండి, కూర్చోండి" అనగానే మామూలు మనుషులు కూర్చుంటారు. మా బావ వంగుతాడు. నూట నలభై రెండు కిలోల మనిషి వంగడమంటే మాటలు కాదు. ముందు ఒక నిట్టూర్పు కిందికి దిగుతుంది, తరవాత మోకాళ్ల చప్పుడు, ఆ తరవాత బావ. కుర్చీ వీపు పట్టుకుని రెండుసార్లు ఊపుతాడు. తలకిందులు చేస్తాడు. పశువుల డాక్టరు దూడ కాళ్లు చూసినట్టు నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే పట్టి చూస్తాడు. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఎక్కడో అరచుట్టు బిగిస్తాడు. అప్పుడు తలెత్తి తీర్పు చెబుతాడు. "ఆగుతుంది" అనో, "ఆగదు" అనో. ఆగదని తేలిన కుర్చీలో ఆ ఇంటాయనను కూడా కూర్చోనివ్వడు.

"ఎవరింటికెళ్లినా సగం సేపు ఈయన వీపే చూస్తూ నిలబడతానురా," అనేది అక్క. "నేను కూర్చునేసరికి వాళ్లకి నిద్రొస్తుంది."

ఆయన పని జిరాక్సు మిషన్లు బాగుచేయడం. ముప్పై ఏళ్లుగా ఆఫీసులు తిరుగుతున్నాడు. కాగితం మింగిన మిషను ఒక మూల మూలుగుతూ ఉంటే ఈయన ఇంకో మూల కుర్చీలు తిరగేస్తూ ఉంటాడు. నేను గుమాస్తాగా ఉన్న బీమా ఆఫీసుకు కూడా ఆయనే వచ్చేవాడు, నా ఖర్మ. ఒకసారి మా మేనేజరు ఫోనులో ఎవరినో చెడామడా తిడుతూ ఉంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, ఒక్క నిమిషం లేస్తారా?"

"ఎందుకు?"

"మీ కుర్చీ చూడాలి."

"నువ్వు చూడాల్సింది మిషన్ కదయ్యా!"

"మిషన్ కిందపడదు సార్. మీరు పడతారు."

మేనేజరు లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. అంత మనిషి అంత మర్యాదగా అడిగితే ఎవరికైనా కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఆయన వెనకాల టైపిస్టు, ఆ వెనకాల మిగతావాళ్లం, మొత్తం పద్దెనిమిది మందిమి గోడవారగా నిలబడ్డాం. గంటసేపు ఆఫీసంతా స్కూల్లో శిక్ష పడ్డ క్లాసులా ఉంది. సాయంత్రం మేనేజరు నన్ను పిలిచి, "ఆయన మీకేమవుతాడు?" అని అడిగాడు.

"దూరపు బంధువు సార్," అన్నాను. సొంత అక్క మొగుడు.

ఆఫీసుల్లో ఆయనకు 'కుర్చీల ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవినా పడింది. "ఇన్‌స్పెక్టరంటే మంచి హోదాయే కదరా," అన్నాడు. ఈ పిచ్చి ఎలా మొదలైందో అక్క నాకు చెప్పింది. పెళ్లైన కొత్తలో ఎవరి వీడ్కోలు సభలోనో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈయన కింద పెళుక్కున విరిగిందట. హాలంతా నవ్విందట. ఈయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడట. లేపడానికి నలుగురు కావలసి వచ్చిందట. అప్పటినుంచీ మళ్లీ పడతానేమోనని భయం, పాపం, అనుకున్నాం అందరమూ.

యాభై అయిదో ఏట ఆయనకు అసలు చిక్కు వచ్చిపడింది. లిఫ్టు లేని ఒక ఆఫీసు మూడో అంతస్తులో మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుని కాగితం లాగాడు. కాగితం వచ్చింది. ఆయన లేవలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా ముప్పావుగంటసేపు మిషను లోపల ఏదో బిగిస్తున్నట్టు నటించి, చివరికి నాకు ఫోను చేశాడు. నేను వగర్చుకుంటూ వెళ్లేసరికి మిషను ముందు ధ్యానంలో ఉన్నట్టు కూర్చున్నాడు.

"ఇంకా బాగవలేదా బావా?"

"మిషన్ ఎప్పుడో బాగైందిరా," అన్నాడు నెమ్మదిగా. "నేనే బాగవలేదు."

ఇద్దరు గుమాస్తాలు, నేనూ కలిసి లేపాం. కారులో ఇంటికి వస్తుంటే ఆయన ఒళ్లో సామాను సంచీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "మోయలేకపోతున్నానురా," అన్నాడు. "పొద్దున లేచేసరికే సాయంత్రమైనట్టుంటోంది."

ఆయన అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సంచీ నా ఒళ్లోకి తీసుకున్నాను.

ఆ తరవాతి వారమే పెద్దాసుపత్రికి వెళ్లాం. సన్నగా వెదురుపుల్లలా ఉన్న లేడీ సర్జన్ "కూర్చోండి" అంది. మా బావ వంగాడు.

"పేషెంటు కుర్చీ ఎడమ కాలు వదులు డాక్టరమ్మా."

"మీరు దేనికొచ్చారు?"

"బరువు తగ్గడానికి. ముందు ఇది కానివ్వండి."

ఆవిడ గడియారం చూసుకుంది. నేను కప్పు వైపు చూశాను. అక్కకు ముప్పై ఏళ్ల అనుభవం కాబట్టి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. కాలు బిగిశాక అందరం కూర్చున్నాం. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేస్తామని, మిగిలేది అరటిపండంత ఉంటుందని డాక్టరు చెప్పింది.

"పెద్ద అరటిపండా, చిన్నదా?" అన్నాడు బావ.

"ఈ వయసులో ఈ కోతలన్నీ అవసరమా అమ్మా?" అంది అక్క. "నోరు కట్టుకుంటే చాలదూ?"

"ఇప్పటిదాకా ఎన్నిసార్లు కట్టుకున్నారండీ?" అని డాక్టరు బావనే అడిగింది.

"పదకొండుసార్లు. పదకొండుసార్లూ తగ్గాను. పన్నెండుసార్లు పెరిగాను."

ఆవిడ మొదటిసారి నవ్వింది. చక్కెర, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆడక మూతికి పెట్టుకునే గొట్టం అన్నీ రాసుకుంది. యాభై దాటాక ఆపరేషన్ అంటే గుండె, ఊపిరితిత్తులు అన్నీ ముందే చూసుకోవాలంది. ప్రమాదం అసలు లేదని చెప్పలేనంది. చేయించుకోకపోయినా ప్రమాదమేనంది. అక్క రెండో మాట వినలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ద్రవాలే. పలచటి సూపు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. ఇల్లు ఆసుపత్రికన్నా అధ్వాన్నమైంది. ఆయన ముందు తినలేక అక్క వంటింటి తలుపు వెనకాల నిలబడి బిస్కెట్లు నమిలేది. హాల్లోంచి ఈయన, "బిస్కెట్ వాసనొస్తోంది. దొంగతనంగా ఎందుకు? ఇక్కడికొచ్చి కూర్చుని తిను, నేనేం చూడను," అనేవాడు. అక్క వచ్చి కూర్చుని తిందట. చూడనన్న మనిషి చివరి ముక్కదాకా రెప్ప వేయలేదట.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచరు మీద తీసుకెళుతుంటే, "ముందు చక్రం కుడి పక్కకి లాగుతోంది," అని తోసే మనిషికి చెప్పాడు. మత్తు డాక్టరు ఒకటి నుంచి లెక్కపెట్టమంటే, "ముందు ఈ బల్ల ఎంత బరువు ఆపుతుందో..." అంటూనే నిద్రలోకి జారాడట.

రెండు గంటలు పడుతుందన్నారు. మూడయ్యాయి. నర్సు వచ్చి, లోపల కాస్త రక్తం ఆగడం లేదు, డాక్టరుగారు చూస్తున్నారు, కంగారేం లేదని చెప్పి కంగారుగా వెళ్లిపోయింది. వరండాలో అక్కా నేనూ కూర్చున్నాం. అక్క అప్పటిదాకా రాయిలా ఉంది. ఒక్కసారి కదిలేసరికి ఆమె కుర్చీ టకటకమంది.

"ఈ కుర్చీ ఊగుతోందిరా," అంది. అని భోరుమని ఏడ్చింది.

నేను లేచి నా కుర్చీ ఆమెకిచ్చి, ఆ ఊగే దాన్ని తిరగేసి చూశాను. ఏ మర ఎటు తిప్పాలో నాకేం తెలుసు? అయినా చూశాను. నాలుగున్నర గంటలు గడిచాక సర్జన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని బయటికొచ్చి, "అయిపోయింది. బాగున్నారు," అంది.

మెలకువ వచ్చిన సాయంత్రమే నడిపించారు. ఒక పక్క నర్సు, ఒక పక్క నేను. ఆరడుగులు వేసి, "ఆ స్ట్రెచరు చక్రం చూశారా?" అని అడిగాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు.

ఆ తరవాతి ఏడాది గురించి అందరూ గొప్పగా ఊహించుకుంటారు. నిజానికి అది చాలా విసుగైన ఏడాది. దగ్గుమందు గ్లాసంత నీళ్లు పావుగంటసేపు తాగాలి. గుడ్డులో పావువంతు తింటే పెళ్లి భోజనం చేసినట్టు ఆయాసపడాలి. ఒక్క ముద్ద ఎక్కువైతే వాంతి. జుట్టు రాలింది. చర్మం సంచీలా వేలాడింది. "తిండంటే ఒకప్పుడు సరదారా," అన్నాడు బావ ఒకరోజు, చెంచాడు ఉడికిన కూర వైపు చూస్తూ. "ఇప్పుడు డ్యూటీ." సన్నబడితే హుషారు వస్తుందన్నారు. ముందు వచ్చింది సన్నటి అలసట. పక్కింటావిడ అక్కను గుమ్మం దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "మీ ఆయనకి ఏదైనా పెద్ద జబ్బా?" అని అడిగింది. లావుగా ఉన్నన్నాళ్లూ ఆరోగ్యం గురించి ఉపన్యాసాలిచ్చినావిడే.

కానీ బరువు మాత్రం దిగింది. నూట ఇరవై. నూట ఐదు. తొంభై. మూతి గొట్టం అటకెక్కింది. మూడో అంతస్తుకు మధ్యలో ఒక్కసారే ఆగి ఎక్కుతున్నాడు. ఇక కుర్చీల బెడద వదిలిందని నేను సంబరపడ్డాను. ఎనభై తొమ్మిది కిలోల మనిషిని ఏ కుర్చీ అయినా మోస్తుంది కదా.

వదల్లేదు. ఇదివరకైతే ఆయాసం వల్ల నాలుగు కుర్చీలకు ఆగేవాడు. ఇప్పుడు ఒంట్లో సత్తువ వచ్చేసరికి నలభై చూస్తున్నాడు.

"ఇక నువ్వు పడవు కదా బావా!" అన్నాను, ఒకరోజు ఒళ్లు మండి.

"నేను పడతానని ఎవరన్నారు?" అన్నాడు ఆశ్చర్యంగా.

ఆసుపత్రిలో నెలకొకసారి మధ్యాహ్నం ఒక సమావేశం పెడతారు. ఆపరేషన్ అయినవాళ్లు, చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లతో మాట్లాడాలి. అక్కకు ఒంట్లో బాగాలేక ఒకసారి నేను తోడు వెళ్లాను. మేం వెళ్లేసరికి హాలు దాదాపు నిండిపోయింది. సర్జన్ మాట్లాడటం మొదలుపెట్టింది. బావ బుద్ధిగా నా పక్కన కూర్చున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఒకావిడ లోపలికొచ్చింది. యాభై దాటి ఉంటాయి. చాలా పెద్ద మనిషి. చేతిసంచీని పొట్టకు అడ్డం పెట్టుకుని కుర్చీల వైపు ఒకసారి చూసింది. అన్నిటికీ రెండు పక్కలా చేతులున్నాయి, మధ్య చోటు ఇరుకు. చూపు తిప్పుకుని గోడ పక్కకు వెళ్లి నిలబడింది.

"కూర్చోండి మేడమ్, ముందు ఖాళీలున్నాయి!" అంది నర్సు, మంచికే, గట్టిగా. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"పర్లేదమ్మా, టీచర్ని. నిలబడటం అలవాటే," అని ఆవిడ నవ్వింది. ఎవరూ తనను చూసి నవ్వకముందే తాను నవ్వేసే నవ్వు అది.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. బావ లేచాడు.

"అందరూ ఒక్క నిమిషం లేవండి. కుర్చీలు చూడాలి."

"ఇప్పుడా?" అంది సర్జన్.

"ఇప్పుడే డాక్టరమ్మా. మీరు కూడా."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ గొణుక్కుంటూ లేచారు. బావ వరసల మధ్య తిరుగుతూ ఒకటి ఊపాడు, ఇంకోటి తిరగేశాడు. "వీటి చేతులు వదులయ్యాయి, తీసేస్తున్నా," అంటూ అక్కడొకటి, ఇక్కడొకటి మరలు విప్పాడు. సర్జన్ కుర్చీవి తీశాడు. నావి తీశాడు. గోడ పక్కనున్న దానివి తీశాడు. మొత్తం ఏడు కుర్చీలు చేతుల్లేకుండా అయ్యాయి. అంతసేపూ హాల్లో అందరమూ నిలబడే ఉన్నాం. ఎవరి వైపూ ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ ఈ పిచ్చాయన మీదే.

"ఆ, ఇక కూర్చోండి," అన్నాడు.

అందరం ఒక్కసారిగా కూర్చున్నాం. ఆ చప్పుడులో టీచరుగారు కూడా కూర్చున్నారు. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. ఎందుకంటే అంతకుముందు ఆ సిగ్గులో నేను నా కుర్చీ చేతులను గట్టిగా పట్టుకునే లేచాను. అవి రాయిలా బిగిసి ఉన్నాయి.

కాసేపటికి ఆవిడే మొదటి ప్రశ్న అడిగింది. "చేయించుకున్నాక నిజంగా బాగుంటుందాండీ?"

సర్జన్ బావ వైపు చూసింది. బావ ఆవిడ వైపు తిరిగాడు.

"అంత బాగుంటుందని చెప్పను టీచరుగారూ. అలసట పోదు. కానీ ఇది మెట్లెక్కాక వచ్చే అలసట. ఇదివరకటిది మెట్లు చూడగానే వచ్చేది."

ఆవిడ తల ఊపింది. సంచీ పొట్ట మీంచి తీసి కింద పెట్టింది.

సమావేశం అయ్యాక హాలు ఖాళీ అయింది. పద్నాలుగు కుర్చీ చేతులు మా కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉన్నాయి.

"నావి గట్టిగానే ఉన్నాయి కదా బావా," అన్నాను.

"ఊఁ."

"మరెందుకు తీశావు?"

"ఒక్క కుర్చీకే తీస్తే అందరూ చూస్తారు కదరా."

ముప్పై ఏళ్లుగా ఎన్ని ఆఫీసుల్లో ఎంతమందిని లేపాడో! ఆ గదుల్లో ఎవరో ఒక్కరి కోసం మిగతా అందరినీ గోడకు నిలబెట్టాడన్నమాట. "అయితే ఇన్నేళ్లూ... ఎవరెవరి కోసం బావా?"

"అది చెప్పేస్తే ఇక అంత కష్టపడి అందర్నీ లేపడమెందుకురా?" అని స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. "పట్టు. ఏడు కుర్చీలు. మళ్లీ బిగించాలి."

మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాను. మూడో కుర్చీకి నాకు చెమటలు పట్టాయి. నాలుగో దానికి ఆయాసం వచ్చి తలెత్తాను. మా బావ తీరిగ్గా కుర్చీలో కూర్చుని నా పొట్ట వైపు జాలిగా చూస్తున్నాడు.

"కాస్త తగ్గాలిరా నువ్వు," అన్నాడు.