సగం దాకా వచ్చి ఆగిన పేజీ

2006 జూలై 18, మంగళవారం. పొద్దున్నే పాలు పోసి వచ్చిన నాన్న లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "మీ తెలుగు సార్ పోయిండంట బిడ్డా. రాత్రి ఛాతీల నొప్పంటే భద్రాచలం దవాఖానాకు తీస్కపోయిన్రట. తొవ్వలనే పానం పోయిందట" అన్నాడు. ముందు రోజే మాకు పాఠం చెప్పిన మనిషి. ముందు నమ్మలేదు. నమ్మాక భయం వేసింది. ఇవాళ శనివారం, ఆ భయం ఇంకా పోలేదు.

మన కాలేజీ గోడపత్రిక కోసం ఇది రాస్తున్నాను. సార్ మీకందరికీ తెలుసు. మధిర వైపు నుంచి వచ్చి ములకలపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. సాయంత్రాలు బస్టాండు పక్కన నెట్ సెంటర్లో ఏం చేసేవారో మాత్రం కొందరికే తెలుసు. అక్కడ ఒక తెలుగు చర్చా సైటు తెరిచేవారు. అందులో బొమ్మలు లేవు, రంగులు లేవు. ఒకరు ఏదో అడుగుతారు, మిగతావాళ్లు కింద రాస్తూ పోతారు. సార్ మొదలుపెట్టిన "మా ఊరి మాటలు" అనే చర్చ రెండేళ్లుగా నడుస్తోంది. జవాబులన్నీ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. మన ఫోను లైను మీద ఆ పేజీ పైనుంచి కొంచెం కొంచెంగా దిగేది. అది పూర్తయ్యేలోపు సార్ బయటికెళ్లి చాయ్ తాగి వచ్చేవారు.

నాకు ఆగడం చేతకాదు. రెండు నిమిషాలు చూసి రిఫ్రెష్ నొక్కేదాన్ని. పేజీ తెల్లగా అయిపోయేది. "నొక్కకమ్మా, మళ్లీ మొదటికొస్తది. అది రావాల్సిన దూరం దానికుంటది గదా" అనేవారు. పాత పరీక్ష కాగితం ఒకటి వెనక్కి తిప్పి నా ముందు పెట్టేవారు. ముసురుకీ జడివానకీ తేడా ఏమిటని ఆ రోజు చర్చలో ఎవరో అడిగి ఉంటే, పేజీ వచ్చేలోపు నాకు తెలిసింది రాయాలి. "ఇప్పుడు రాస్తే అది నీది. చూశాక రాస్తే వాళ్లది." అలా ఆ కాగితాల మీదే నాకు మాటల మీద ఇష్టం పుట్టింది.

మొన్న వేసవిలో నాయనమ్మ ఇప్పపువ్వు ఏరడం గురించి రాసి చూపించాను. మొదటి వాక్యంలోనే "పుష్పసంచయనం" అని పెట్టాను. సార్ అది చదివి, "మీ నాయనమ్మ ఈ మాట ఎప్పుడన్నా అన్నదా?" అని అడిగారు. సిగ్గేసింది. నాలుగుసార్లు తిరగరాశాను. ఈ నెలలో దాన్ని ఆయన చర్చలోనే పెట్టాను. సోమవారం క్లాసయ్యాక, "ఇవాళ నీ రాతకు జవాబు రాస్తాను, రేపు చూసుకో" అన్నారు.

రాశారట. నెట్ సెంటర్ అక్క చెప్పింది, "పొద్దుగూకేదాంక కూసోని టైప్ కొట్టిండు చెల్లె." రాసేటప్పుడు నవ్వారా అని అడిగాను. "అదైతే యాదికి లేదే" అంది.

నాలుగు రోజులుగా ఆ పేజీ తెరుస్తున్నాను. సగం దాకా వచ్చి ఆగిపోతోంది. గురువారం ఎన్నడూ లేనంత కిందికి దిగింది. నా పేరు కనిపించింది, నా మొదటి నాలుగు వాక్యాలు కనిపించాయి. అప్పుడే ఉరిమింది, లైను తెగింది. ఆయన జవాబు ఆ కిందే ఉంది.

శుక్రవారం సైటు నడిపేవాళ్లు ఒక ప్రకటన పెట్టారు. పెద్ద చర్చల వల్ల అందరికీ ఆలస్యమవుతోందట. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వాటిని తీసేస్తారట. ఆపమని రాశాను, జవాబు రాలేదు. నాకు రెండు భయాలున్నాయి. ఆ జవాబు చదవకుండానే పోతుందని ఒకటి. చదివితే, రాయడం నీ వల్ల కాదని ఉంటుందేమోనని ఇంకొకటి. ఆయన ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. నిన్న పేజీ దిగుతుంటే, జవాబు వచ్చేస్తుందేమోనని నేనే మళ్లీ రిఫ్రెష్ నొక్కేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

రేపు పొద్దున అయిదున్నర బస్సుకు ఖమ్మం వెళ్తున్నాను. ఖానాపురం హవేలిలో పిన్ని వాళ్లింటి దగ్గర నెట్ జల్దీ వస్తుందట. దారిలో వాగు పొంగితే బస్సు ఇవతలే ఆగిపోతుంది. "ఆగితే నడుం లోతు దాంక నేను దాటిస్త, అంతకెక్కువుంటే ఎనక్కే" అన్నాడు వాగు దాకా తోడొస్తున్న నాన్న. పేజీ తెరుచుకుంటే చివరికంటా ఆగుతాను. ఏం రాసి ఉన్నా ఒక్క అక్షరం మార్చకుండా నోట్సులో ఎక్కించుకుంటాను. నోట్సును రెండు కవర్లలో చుట్టాను. బయట వాన తగ్గలేదు. నాన్న గుమ్మంలో నిలబడి టార్చిలైటు వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించి చూస్తున్నాడు.